అనంతగిరి పాదయాత్ర: వీపుమూట నేర్పు నీటిపాఠము

వలసిన వస్తువుల నన్నిటిని ఒక సంచిలో సర్దికొని, దానిని వీపున వైచికొని, కొండలను అడవులను కాలినడకను దర్శించి, రాత్రి అచ్చటనే విశ్రమించి మరునాడు తిరిగి వచ్చుట పాశ్చాత్య దేశములందు వినోదముగాను విద్యగాను ఎంచబడుచున్నది. మన దేశమునకు ఇది క్రొత్త గాదు. సద్దిమూట భుజమున వైచికొని సంతలకును, జాతరలకును, చుట్టముల యిండ్లకును దినముల తరబడి నడచినవారు మన తాతముత్తాతలు. బస్సులును మోటారు సైకిళ్ళును వచ్చిన పిదప మనకు ఆ నడక తప్పినది. నడకతో బాటు, నడచువాని కన్నులకు మాత్రమే యగపడు అనేక విషయములును మనకు దూరమైనవి.

మా పాఠశాల పై తరగతుల బాలబాలికలతో వికారాబాదు సమీపమున నున్న అనంతగిరి కొండలకు ఇట్టి పాదయాత్ర సల్పితిమి. ముందు యేడులలో వెళ్ళదలచు విద్యార్థులకును, పిల్లలను పంపుటకు సందేహించు తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో ఈ పాఠమును వ్రాయుచున్నాము. మూట యెట్లు కట్టవలెను, త్రోవలో నేమి చూడవలెను, చూచినదానివలన నేమి తెలిసికొనవలెను అను మూడు సంగతులు ఇందు గలవు. ఈ మూడింటిని కలుపు సూత్రము నీరు.

1. జాతీయోద్యానము అననేమి?

ప్రకృతి సంపద గల ఒక భూభాగమును ఎవరి సొంత ఆస్తియు గాకుండ, జనులందరి కొరకును శాశ్వతముగా కాపాడుటకై ప్రభుత్వము ప్రత్యేకించినచో దానిని నేషనల్ పార్కు, అనగా జాతీయోద్యానము అందురు. ఇట్టివానిలో మొదటిది అమెరికాలోని ఎల్లోస్టోన్. అది 1872వ సంవత్సరమున ఏర్పడెను. మన దేశమున మొదటిది 1936లో హిమాలయ పర్వతపాదమున హెయిలీ అను పేరుతో వెలసినది. నేడు దానినే జిమ్ కార్బెట్ జాతీయోద్యానమని పిలుచుచున్నారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట దేశమంతట ఇట్టివి హెచ్చినవి. తెలుగువారి భూమిలో పర్వతములతో గూడిన జాతీయోద్యానములు రెండు ముఖ్యమైనవి. శేషాచల పర్వతములందలి శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము 1989లోను, గోదావరి తీరమందలి పాపికొండల జాతీయోద్యానము 2008లోను ఏర్పడెను.

తెలంగాణములో మూడు జాతీయోద్యానములు గలవు: కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడును హైదరాబాదును ఆనుకొనియే యున్నవి. అవి చూడదగినవే గాని పర్వతములు గావు, మూటతో రెండు దినములు నడువదగినంత విశాలములును గావు. కావున సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల విద్యార్థులకు పర్వతారణ్య పాఠశాలగా తగినది అనంతగిరియే. ఇది జాతీయోద్యానము గాదు, రిజర్వు అడవి. సంగారెడ్డినుండి సదాశివపేట, మోమిన్‌పేటల మీదుగా వికారాబాదు సుమారు 50 కిలోమీటర్లు. పటాన్‌చెరు వారు లింగంపల్లిలో రైలెక్కి శంకరపల్లి మీదుగా వికారాబాదున దిగవచ్చును. అచ్చటనుండి కొండలు అయిదారు కిలోమీటర్ల దూరమున నున్నవి. ఈ అయిదారు కిలోమీటర్లను ఆటోలో గాక మూటతో నడచి పోవుటయే మన పాఠమునకు ఆరంభము.

2. మూట

మూట కట్టుటలో మొదటి సూత్రము తూకము. ఎదుగుచున్న పిల్లలు తమ శరీరపు బరువులో పదింట ఒక వంతును, మహా యైన ఏడింట ఒక వంతును మించి మోయరాదు. 40 కిలోల బాలుడు 4 కిలోలు సుఖముగా మోయగలడు. 6 కిలోలు దాటినచో వెన్ను వంగి, భుజములు నొచ్చి, కన్నులు నేలను దప్ప మరి దేనిని చూడజాలవు.

బయలుదేరుటకు ముందు దినమున పాఠశాల వరండాలో కాటా పెట్టి ప్రతివాని సంచిని తూచితిమి. తొమ్మిది కిలోల సంచులును గలవు! విప్పి చూడగా మూడు జతల బట్టలు, అద్దము, బిస్కట్టు డబ్బాలు, శీతల పానీయపు సీసాలు, ఒకదానిలో ఇస్త్రీపెట్టె కూడ బయల్పడినవి. ఒక్కొక్క వస్తువును చేతబట్టి, "ఇది లేకున్న ఈ రెండు దినములు గడచునా, గడువదా?" అని అడిగితిమి. గడచునన్న వస్తువు ప్రక్కకు పోయినది. ఇట్లు ఏరగా మిగిలినవి ఇవి: ఒక దుప్పటి, ఒక జత బట్టలు, తువాలు, వానకు కప్పుకొనుటకు ప్లాస్టిక్ గుడ్డ, టార్చి లైటు, పళ్ళెము, గ్లాసు, సబ్బుముక్క, నోటుపుస్తకము, పెన్సిలు. తినుటకు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లము. జొన్నరొట్టె రెండు దినములు చెడక నిలుచును. పల్లీలును బెల్లమును కొలది బరువులో ఎక్కువ శక్తి నిచ్చును. మందులపెట్టె, వంటపాత్ర, త్రాడు జట్టునకు ఒక్కొక్కటి చాలును. వానిని మార్చి మార్చి మోయవలెను.

బరువైన వస్తువులను వీపునకు ఆనునట్లు సంచి నడిమి భాగమున ఉంచవలెను. అడుగున ఉంచినచో సంచి వెనుకకు లాగును. వెలుపలి ప్రక్క నుంచినచో నడచువాడు తూలును. పట్టీలు రెండును భుజములకు సమముగా బిగియవలెను. ఒంటి భుజమున వ్రేలాడు సంచి కొండత్రోవకు పనికిరాదు.

ఇక నీరు. అన్నిటికంటె బరువైనదియు, వదలరానిదియు ఇదియే. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. ఎండలో కొండ నెక్కువానికి పూటకు రెండు లీటర్లయినను వలయును. అనగా చిన్నపిల్లవాడు మోయగలిగిన బరువులో సగము నీటికే సరి! దీనిని లెక్కవేసి నల్లబల్లపై వ్రాయగా తరగతి యంతయు నిశ్శబ్దమైనది. ఇంటిలో కుళాయి త్రిప్పి పండ్లు తోముచు మనము వృథాగా విడుచు నీటిని వీపున మోయవలసి వచ్చినచో ఎంత బరువగునో మా విద్యార్థులు అప్పుడే మొదటిసారి ఆలోచించిరి. ఉక్కపోతలో ట్యాంకరు వద్ద బిందెతో నిలుచు తల్లులకు మాత్రము ఈ లెక్క నల్లబల్ల లేకయే తెలియును.

3. నడక

కొండ నడకకు వేగము ముఖ్యము గాదు, తీరు ముఖ్యము. మాటలాడుచు నడువగలిగినంత నెమ్మదిగా పోవలెను. మాట తెగి రొప్పు వచ్చినచో వేగము హెచ్చినదని గుర్తు. జట్టులో అందరికంటె నెమ్మదిగా నడచువానిని ముందుంచవలెను. అప్పుడు ఎవరును వెనుకబడరు. అందరి వెనుక ఒక ఉపాధ్యాయుడు తప్పక ఉండవలెను. ముప్పావు గంట నడచి అయిదు నిమిషములు ఆగుట మంచిది. దప్పిక అగువరకు వేచియుండక గ్రుక్కెడు గ్రుక్కెడుగా నీరు త్రాగుచుండవలెను.

ఎంతసేపటికి చేరుదుము అను ప్రశ్నకు లెక్క గలదు. స్కాట్లండు దేశపు పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో ఒక సూత్రము చెప్పెను. దానిని మన కొలతలలో చెప్పవలెనన్న, సుమారు 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట. ఎక్కవలసిన ప్రతి 100 మీటర్ల ఎత్తునకు అదనముగా పది నిమిషములు. ఇది గట్టి కాళ్ళు గల పెద్దవారి లెక్క. మూటలతో పిల్లలు పోవునపుడు దానిని ఒకటిన్నర రెట్లు చేసికొనవలెను. చీకటి పడుటకు రెండు గంటల ముందే బస చేరునట్లు బయలుదేరుట క్షేమము.

ఈ యాత్రకు వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరు మొదలు జనవరి వరకు తగిన కాలము. అప్పుడు వాగులలో నీరుండును, ఎండ తీవ్రముగా నుండదు. ఏప్రిలు, మే మాసములలో పిల్లలను కొండ నెక్కించుట ప్రమాదకరము.

4. త్రోవలో మూడు రాళ్ళు

భూగోళ పుస్తకములో మూడు పాఠములుగా నున్నది ఈ త్రోవలో వరుసగా కన్నులకు గట్టును. పటాన్‌చెరు, లింగంపల్లి ప్రాంతములలో గుండ్రని పెద్దబండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు కనిపించును. ఇవి గ్రానైటు రాళ్ళు. భూగర్భమున కరిగిన పదార్థము నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడినవి. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. నేలమీద ఇంతకంటె ప్రాచీనమైన రాళ్ళు గల చోట్లు అరుదు.

పడమటికి పోయిన కొలది బండలు తగ్గి నేల నల్లబారును. సదాశివపేట చుట్టును ప్రత్తి పండు నల్లరేగడి అందరికి తెలిసినదే. ఆ మన్ను బసాల్టు అను నల్లరాయి చివికి ఏర్పడినది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కనులో భూమి పగుళ్ళనుండి లావా పొరలు పొరలుగా వెల్లువలై పారి గట్టిపడెను. ఇప్పటికిని మిగిలియున్న ఆ రాతిపొరలు దేశమున సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నవి. వాని తూర్పు అంచు మన జిల్లాలోనే యున్నదని మన పిల్లలలో ఎందరికి తెలియును?

ఒక లావా వెల్లువకును మరియొక వెల్లువకును నడుమ వేలకొలది యేండ్లు గడచెను. ఆ విరామములందు చెరువులు ఏర్పడి, చెట్లు మొలిచి, జంతువులు సంచరించెను. వికారాబాదు ప్రాంతమందలి నస్కల్ వద్ద ఇట్టి నడిమి పొరలో దొరికిన దంతములనుబట్టి శాస్త్రజ్ఞులు 1988లో చుంచెలుక యంత చిన్న పాలిచ్చు జంతువును గుర్తించి, దానికి దక్కనోలెస్టిస్ అని పేరిడిరి. రాక్షసబల్లులు నడయాడిన కాలమున ఈ అల్పజీవి మన నేలను తిరిగెనన్నమాట! రాక్షసబల్లులు నశించెను, పాలిచ్చు జంతువుల జాతి నిలిచి భూమి యంతట వ్యాపించెను.

వికారాబాదు సమీపించగానే నేల మరల రంగు మార్చి ఎర్రబారును. కొండలపైన తేనెతుట్టెవలె తొఱ్ఱలుగల ఎర్రరాయి కనిపించును. దీనికి లాటరైటు అని పేరు. 1807లో బుకానన్ అను వైద్యుడు మలబారు దేశమున దీనిని చూచి, లాటిను భాషలో ఇటుకకు గల పేరునుబట్టి ఇట్లు పిలిచెను. అచ్చటివారు దీనిని ఇటుకలవలె కోసి ఇండ్లు కట్టుకొనుచుండిరి. బసాల్టుపై లక్షలకొలది వర్షాకాలములు గడువగా, కరుగదగిన పదార్థములన్నియు నీటిలో కొట్టుకొనిపోయి, కరుగని ఇనుమును అల్యూమినియమును పైన మిగిలెను. ఇనుము త్రుప్పుపట్టుటచేతనే ఆ ఎరుపు. మా విద్యార్థి యొకడు మూడు రాళ్ళను ప్రక్క ప్రక్కన పెట్టి, "ఒకటి పుట్టినది భూగర్భమున, ఒకటి అగ్నిలో, ఒకటి వానలో" అని నోటుపుస్తకములో వ్రాసికొనెను. ఇంతకంటె చక్కగా మేమును చెప్పజాలము.

5. కొండ యెట్లు నీటిని దాచును?

ఇప్పుడు పాఠమునకు నడిమి భాగమునకు వచ్చితిమి. అనంతగిరి కొండలు మూసీనదికి జన్మస్థానము. మూసీ యిచ్చట పుట్టి తూర్పుగా ప్రవహించి, గండిపేట చెరువును నింపి, హైదరాబాదు నగరము నడుమగా పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. దీని పొడవు సుమారు 240 కిలోమీటర్లు. మంచుకొండలు లేని ఈ చిన్న గుట్టలపై, వానలు నిలిచిన పిదప గూడ, నీరెచ్చటనుండి వచ్చును? ఈ ప్రశ్నను పిల్లలకు వేసి, లోయలోనికి దింపి, జవాబును వెదకుడని చెప్పితిమి.

జవాబు రాళ్ళలోనే యున్నది. పైనున్న లాటరైటు తొఱ్ఱలు గలది. వాననీరు దానిపై పారిపోక లోనికి ఇంకును. దాని క్రింద మెత్తని బంకమన్ను వంటి పొరయు, ఆ క్రింద గట్టి బసాల్టును గలవు. ఇంకిన నీరు ఆ పొరను దాటిపోజాలక ప్రక్కకు జరుగును. కొండ ప్రక్క తెగిన చోట ఊటయై బయటపడును. పైరాయి గిన్నెలో నానిన స్పంజు వంటిది, క్రిందిపొర గిన్నె అడుగు వంటిది. కొండ నాలుగు మాసములు త్రాగిన నీటిని మెల్లమెల్లగా తరువాతి మాసములందు విడుచును.

ఈ రహస్యమును మన ఇరుగుపొరుగువారు పూర్వమే యెరిగిరి. బీదరు నగరము ఇట్టి ఎర్రరాతి పీఠభూమి మీదనే యున్నది. బహమనీ సుల్తానుల కాలమున అచ్చట కరేజ్ అను సొరంగపు కాలువను త్రవ్విరి. ఎర్రరాతిలో ఇంకిన నీటిని కొంచెము వాలుగల సొరంగము ద్వారా, యంత్రమేమియు లేక, నగరమునకు తెచ్చుకొనిరి. సొరంగముపై వరుసగా బావులు త్రవ్వి గాలిని వెలుతురును లోనికి పంపిరి. కొండ చేయు పనిని చూచి నేర్చుకొన్న మనుష్యుల పని యది.

అయితే రాయి ఒంటరిగా ఈ పనిని నెరవేర్చజాలదు. బట్టతల కొండపై వాన పడినచో నీరు మన్నును గూడ తీసికొని గంటలో దిగిపోవును. చెట్ల ఆకులు వానచినుకు దెబ్బను తాము కాచుకొనును. రాలిన ఆకులు నేలపై పరుపై నీటిని ఆపును. వేళ్ళు నేలను గుల్లచేసి నీటికి త్రోవ చూపును. టేకు, మద్ది, మోదుగు, తునికి మొదలైన పొడి అడవి చెట్లు వేసవిలో ఆకులు రాల్చుట సోమరితనము గాదు. అది నీటి పొదుపు. ఆకుల గుండా నీరు ఆవిరియై పోవును గనుక కరవుకాలమున అవి ఆకులనే విడిచిపెట్టును. మూటలో అక్కరలేని వస్తువులను ప్రక్కకు తీసిన మా పిల్లలకు చెట్టు చేయు ఈ లెక్క వెంటనే బోధపడినది.

లోయలో సన్నగా పారుచున్న నీటిని చూడగానే వీపున సీసాలు మోసి వచ్చిన పిల్లలు పరుగున పోయి చేతులు ముంచిరి. త్రాగవచ్చునా యని అడిగిరి. కన్నులకు తేటగా నున్న నీటిలోను కంటికి కానరాని క్రిములు ఉండవచ్చును. కావున బాగుగా తెరలి ఒక నిమిషమైనను మరగిన తరువాత చల్లార్చి త్రాగవలెనని చెప్పి, ఆ సాయంకాలము బసవద్ద అట్లే చేసితిమి. కొండయూట నీటికి గూడ ఇంత జాగ్రత్త వలయునన్నచో, ఆ నీరు మన యూళ్ళ గుండా పోవునప్పటి సంగతి యేమి?

6. క్రిందికి పోయిన నీరు

మూసీ కథలో మంచియు చెడుగును గలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన అది పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. అట్టి విపత్తు మరల రాకుండ ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహానుబట్టి నగరమునకు ఎగువను జలాశయములు నిర్మింపబడెను. మూసీపై ఉస్మాన్‌సాగర్, అనగా గండిపేట చెరువు, 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. ముంచిన నదియే తరువాత నగరమునకు దప్పిక తీర్చినది. కాని జలాశయములు దాటి నగరము ప్రవేశించిన పిమ్మట అదే నదిలో మురుగు కలియును. అనంతగిరి లోయలో చేతులు ముంచిన పిల్లవాడు నగరపు వంతెనపై నిలిచి అదే నీటిని చూచి ముక్కు మూసికొనును.

మన ప్రాంతపు నీరు మూసీకి గాక మంజీరకు పోవునది. మంజీర మహారాష్ట్రమందలి బీడ్ జిల్లాలోని బాలాఘాటు కొండలలో పుట్టి, సంగారెడ్డి ప్రక్కగా పారి ఉత్తరమునకు తిరిగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. సంగారెడ్డి సమీపమున ఈ నదిపై నున్న మంజీర అభయారణ్యమున మొసళ్ళు నివసించుచున్నవి. పటాన్‌చెరు ప్రాంతపు నీటిని మంజీరకు చేర్చునది నక్కవాగు. ఆ వాగు ఒడ్డు పల్లెలలోని వృద్ధులు, తమ చిన్ననాట ఇసుకలో చెలిమ తీసి దోసిళ్ళతో నీరు త్రాగితిమని చెప్పుదురు. 1970ల తరువాత పటాన్‌చెరు చుట్టును కర్మాగారములు వెలసినవి. వాని వ్యర్థజలములు వాగులలోను చెరువులలోను చేరి పంటలను బావులను చెరచినవి. 1990లో ఈ సంగతి దేశపు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయెను. తరువాత వ్యర్థజలమును శుద్ధిచేయుటకు ఉమ్మడి కేంద్రము ఏర్పడినది. అచ్చట శుద్ధియైన నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గమున నగరపు మురుగు కాలువకు చేర్చి, మూసీ ఒడ్డున నున్న అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు పంపు ఏర్పాటును గావించిరి. ఇట్లు మన వాడనీరు మనకు సంబంధము లేని మూసీని గూడ చేరినది. కొండపై పుట్టిన నదియు, మన వీథి కాలువయు వేర్వేరు కథలని తలంచుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు తమ పరిశోధనను ప్రకటించిరి. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి బయటకు వచ్చు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడినదట. ఆ మందు పుచ్చుకొన్న రోగి రక్తములో నుండుదానికంటె ఇది అధికము. మందు నీటిలో నున్న మేలేగదా యని యెవరైన అనవచ్చును. అట్లు గాదు. క్రిములు ఎల్లప్పుడు మందులో మునిగియుండినచో బలహీనములైనవి చచ్చి, ఆ మందునకు లొంగనివి మిగిలి వృద్ధి పొందును. తరువాత రోగికి ఆ మందిచ్చినను ఫలము కలుగదు. రోగమును మాన్పుటకు చేసిన వస్తువే చోటు తప్పినపుడు రోగమునకు బలమిచ్చును.

ఈ మాటలు వ్రాయునపుడు మేము ఒక సంగతిని మరువలేదు. ఈ కర్మాగారములలో పనిచేయువారు మన విద్యార్థుల తండ్రులును అన్నలును. అచ్చట తయారగు మందులు దూరదేశములందు గూడ ప్రాణములను నిలుపుచున్నవి. కర్మాగారము వలదనుట మా భావము గాదు. లాభమును ఇంటికి దెచ్చుకొని, మలినమును వాగునకు విడుచుట న్యాయము గాదని మాత్రమే చెప్పుచున్నాము. కొండపై నడచువానికి ఒక నియమము గలదు: మోసికొని పోయినదానిలో తినగా త్రాగగా మిగిలినదానినంతను, కాగితపు ముక్కతో సహా, తిరిగి మోసికొని రావలెను. ఈ నియమమును పదిమంది పిల్లలు రెండు దినములు పాటించగలిగినచో, పెద్ద పెద్ద ఇంజినీర్లు గల సంస్థలు ఏడాది పొడుగున పాటింపలేకపోవుటకు కారణము శక్తి లేకపోవుట గాదు.

7. పాటింపవలసిన నియమములు

అడవిలోనికి పోవుటకు ముందు అటవీశాఖ కార్యాలయమున అనుమతి పొందవలెను. రాత్రి బసకు అనుమతించిన చోటనే ఉండవలెను. తలిదండ్రులకు త్రోవను, తిరిగివచ్చు గంటను వ్రాసి యియ్యవలెను. త్రోవ విడిచి పొదలలోనికి పోరాదు. చెప్పులు గాక వ్రేళ్ళను కప్పు బూట్లు తొడుగవలెను. రాళ్ళసందులలో చేయి పెట్టరాదు. చీకటిలో టార్చి లైటు లేక అడుగు వేయరాదు. పాము కరచినచో కోయుట, నోట పీల్చుట, త్రాడుతో బిగించి కట్టుట పనికిరావు. కరవబడినవానిని కదలనీయక, ధైర్యము చెప్పి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కోతులకు తిండి పెట్టరాదు. పెట్టినచో అవి అడవి తిండిని మరచి మనుష్యుల సంచులపై బడును. ఎండుటాకుల నడుమ నిప్పు రాజేయరాదు. చెట్టుపై పేరు చెక్కుట, రాతిపై రంగు పూయుట అవివేకుల పని. పెద్ద పాటలపెట్టెను తీసికొనిపోయినవాడు కొండను వినజాలడు, ఇతరులను విననీయడు.

8. విద్యార్థులు చేయవలసిన పనులు

(అ) ఒక దినమున మీ యింటిలో వాడు నీటిని బిందెలలో లెక్కించి, కిలోలలోనికి మార్చుడు. దానిని మోయుటకు మీ వంటివారు ఎందరు కావలెను?

(ఆ) మీ యూరి నేల గ్రానైటుదా, నల్లరేగడియా, ఎర్రమన్నా? పిడికెడు తెచ్చి తరగతిలో చూపుడు.

(ఇ) ఒక గాజు పాత్రలో బంకమన్ను పరచి, దానిపై గులకరాళ్ళును ఇసుకయు పోసి, నెమ్మదిగా నీరు చిలుకుడు. నీరు ఎచ్చట నిలిచెనో గమనించి బొమ్మ గీయుడు.

(ఈ) మీ వీథి కాలువ నీరు ఏ వాగులోనికి, ఆ వాగు ఏ నదిలోనికి పోవునో పెద్దలనడిగి పటము వ్రాయుడు.

(ఉ) మీ యింటి వృద్ధులు చిన్ననాట ఎచ్చటి నీరు త్రాగిరో అడిగి, వారి మాటలలోనే వ్రాసి యుంచుడు.

తలిదండ్రులకు ఒక మనవి. పిల్లలు కొండకు పోయినచో చదువు చెడునని వెనుదీయవలదు. మాతో వచ్చిన పిల్లలు తిరిగివచ్చునపుడు సంచులను మరల తూచితిమి. తిండియు నీరును తరిగినవి గనుక బరువు తగ్గినది. అయినను ప్రతి సంచిలోను ఖాళీ సీసాలును కాగితములును, త్రోవలో ఇతరులు పారవైచిన చెత్తయు గలవు. ఎత్తుడని మేము చెప్పలేదు. తరువాతి వారమున ఆ పిల్లలే కొందరు పాఠశాల కుళాయి కారుచున్నదని ప్రధానోపాధ్యాయుల వారికి తెలియజేసి, దానిని బాగుచేయించు వరకు విడువలేదు. బొట్లు బొట్లుగా కారు నీటిని ఒక రాత్రి బకెట్టులో పట్టి, ఉదయమున తూచి, లెక్కను నల్లబల్లపై వ్రాసియుంచిరి.